పాతిపెట్టిన బెత్తాలు

బళ్ళో బెత్తాలు మొలుస్తున్నాయి. పెరట్లో కుళాయి పక్కన మొదలయ్యాయి, వరండా దాటాయి, ఇప్పుడు ఎనిమిదో తరగతిలో బెంచీల కింద నుంచి పైకొస్తున్నాయి.

మొలవవూ మరి! రెండేళ్ళ కిందట పాత హెడ్మాస్టారు ఒక మంచి పని తలపెట్టారు. ఈ బళ్ళో ఇక కొట్టడం, తిట్టడం లేదు, ప్రతి పిల్లకీ రోజుకో మంచిమాట చెప్పాలి అన్నారు. మేష్టర్లందరూ సరేనని బెత్తాలు వదిలేశారు. వదిలేసినవాళ్ళు ఏ చెత్తకుండీలోనో పారేస్తే పీడా పోయేది. మనవాళ్ళు ఏదైనా పద్ధతిగా చేస్తారు కదా! గొయ్యి తీసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి పాతిపెట్టారు. ఆ కొబ్బరినీళ్ళు కూడా గోతిలోనే పోశారు.

మొదటి ఏడాది ఏమీ మొలవలేదు. మేష్టర్లు పేరుపేరునా మంచిమాట చెప్పేవారు. తర్వాత హెడ్మాస్టారికి బదిలీ అయింది. మంచిమాట ఎలా చెప్పాలో మేష్టర్లకి ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఈ ఛాయలకు రాలేదు. పరీక్షలు ముంచుకొచ్చాయి. ఒక్కో క్లాసులో మంచిమాట ఆగింది. ఆగిన చోటల్లా బెత్తం లేచింది.

తెలుగు చెప్పే హైమావతి టీచరు వాటి తీరు కనిపెట్టింది. ఆ రోజు మంచిమాట వినని పిల్ల వెనక ఒక బెత్తం జానెడు పెరుగుతుంది. అది నడుమెత్తు వచ్చిందా, దగ్గర్లో ఉన్న మేష్టరు చేతిలోకి దానంతటదే వంగుతుంది. ఆ తర్వాత జరిగేది చెప్పక్కర్లేదు.

అందుకని ఆవిడొక్కతే క్లాసు క్లాసూ తిరుగుతోంది. "నువ్వు చెప్పులు వరసగా పెట్టావు. నువ్వు చెల్లికి గుడ్డు దాచావు. నువ్వు లెక్క రాదని ఒప్పుకున్నావు." ఒకరిది ఒకరికి చెప్తే కుదరదు. అబద్ధం అసలు కుదరదు. మధ్యాహ్నానికి ఆవిడ గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

కొత్త హెడ్మాస్టరు గవర్రాజుగారి గదిలో కుర్చీ పక్కనే ఒక బెత్తం పెరిగి ఉంది. దానికి ఆయన గొడుగు తగిలించుకున్నారు.

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. నావల్ల కావట్లేదు. క్లాసుకొకర్ని సాయం పంపండి."

"చెప్పేశాను కదమ్మా! పొద్దున్న ప్రార్థనలో మైకు పెట్టి 'మీరందరూ మంచి పిల్లలు' అన్నాను. ఒక్క మాటతో అందరికీ అయిపోయింది."

"అందుకే గ్రౌండంతా మొలిచాయండి. ఊరందరికీ కలిపి ఒక్క ముద్ద పెడితే ఎవరి కడుపు నిండుతుంది?"

"మీరు ఊరికే బెంగపడతారు. గొడుగుకి ఎంత వీలుగా ఉందో చూడండి."

ఆవిడకి కోపమొస్తుంది, ఏడుపొస్తుంది. ఏడిస్తే ఉన్న కాస్త గొంతూ పోతుందని ఏడుపు మింగేసి ఎనిమిదో తరగతికి వెళుతుంది.

అక్కడ మంచిమాట చెప్పాల్సినవాళ్ళలో నూకరత్నం ఒక్కతే మిగిలింది. పొద్దుట్నుంచి ఆ పిల్ల పక్కపిల్లని కరిచింది, కిటికీ అద్దం పగలగొట్టింది, టీచరు చీర మీద సిరా జల్లింది. దాని వెనక బెత్తం నడుమెత్తు ఉంది. కొస హైమావతి వైపే తిరిగింది.

"నువ్వు నెమ్మదస్తురాలివి" అంటుంది ఆవిడ, తోచక.

అబద్ధం. బెత్తం జర్రున లేచి ఆవిడ అరచేతిలో ఒదుగుతుంది. వెచ్చగా ఉంది. అమ్మో, ఎంత బాగా అమిరింది! ఎన్నేళ్ళు పట్టుకుందో అరచెయ్యి మరిచిపోలేదు. చెయ్యి పైకి లేస్తానంటుంది. ఆవిడ రెండో చేత్తో దాన్ని కిందికి అదిమి పడుతుంది.

"కొట్టేయండి టీచరుగారండీ" అంటుంది నూకరత్నం. "కొడితే అది లోపలికెళ్ళిపోద్ది. అందరూ అలాగే చేస్తన్నారు."

"మరి రేపో?"

నూకరత్నం ఆలోచిస్తుంది. "రేపు రెండు మొలుస్తాయండి."

"నిజం చెప్పావే తల్లీ! దెబ్బ తప్పించుకోవాలని కూడా చూళ్ళేదు."

బెత్తం మెత్తబడి చేతిలోంచి జారి నేలలోకి ఇంకిపోతుంది. హైమావతి కుర్చీలో కూలబడుతుంది. హమ్మయ్య, ఇవాళ్టికి గట్టెక్కాం అనుకుంటుంది.

అప్పుడు కుర్చీ కిందే నేల పగులుతుంది. తాటిదుంగంత బెత్తం పైకొస్తుంది. రావా మరి? ఈ రెండేళ్ళలో ఆవిడకి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు మంచిమాట చెప్పలేదు. ఆవిడ దాన్ని వాటేసుకుంటుంది. అది పెంకులు తోసుకుని ఆవిడతో సహా ఆకాశంలోకి లేస్తుంది.

"ఎవరైనా టీచరుగారికో మంచిమాట చెప్పండర్రా!" అని నూకరత్నం కింద అరుస్తోంది.

"టీచర్లకి చెప్పమని ఆర్డరు లేదమ్మా" అంటారు చప్పుడు విని వచ్చిన గవర్రాజుగారు గొడుగు తెరిచి, పెంకులు మీద పడకుండా.

నూకరత్నం పైకి చూసి తనే ఏదో చెప్తుంది. పెదవులు కదలడం కనిపిస్తుంది గానీ మాట ఇంత ఎత్తు రాదు. కాసేపటికి ఆ పిల్ల తను కరిచిన పక్కపిల్ల వైపు తిరిగి నసుగుతూ ఏదో అంటుంది. పక్కపిల్ల ముఖం వికసిస్తుంది. హైమావతికి కళ్ళు చెమరుస్తాయి. కానీ మిగతా నాలుగొందల మందికి రేపు ఎవరు చెప్తారు? దిగాలి, ఎలాగైనా దిగాలి. బెత్తం ఇంకా పెరుగుతోంది.

తలెత్తి చూస్తుంది. చెరకుతోటల అవతల ప్రతి ఊరి బడి మీదా ఒక బెత్తం నిటారుగా లేచి ఉంది. ప్రతి బెత్తం చివరా ఒక టీచరు వేలాడుతోంది. అందరి పెదవులూ కదులుతున్నాయి. కిందనున్న పిల్లల్ని పేరుపేరునా పిలుస్తున్నారు.

హైమావతి వాళ్ళ వైపు తల ఊపుతుంది. వాళ్ళూ ఊపుతారు. చెయ్యి మాత్రం ఒక్కరూ ఊపరు. ఎవరి చేతులూ ఖాళీగా లేవు.