డోలు మీద చెయ్యి

ఉప్పు పట్టిన పంది మాంసానికి మళ్లీ నీళ్లు మార్చి, పాత నీళ్లు గుమ్మం అవతల కుమ్మరిస్తుంటే అత్తగారు ఇదలీనా కుర్చీలోంచే అంది, కొవ్వు ముక్కలు కాస్త ఎక్కువ వెయ్యమని, ఊరంతా తినాలని. కోసేదీ కడిగేదీ తనే. చెప్పడానికి మాత్రం ఈ ఇంట్లో మనుషులకు కొదవ లేదు అనుకుంది జుల్మీరా.

నవంబరు ఇరవై. బానిసత్వాన్ని ఎదిరించి అడవి పట్టిన పెద్దల్ని నల్లవాళ్లు తలుచుకునే రోజు. పెరట్లో మగవాళ్లు డోళ్లు మంట దగ్గర వెచ్చబెడుతున్నారు. మైకులో భర్త వాల్దెసీర్, సంకెళ్లు తెంచుకున్న జాతి మనది అంటున్నాడు. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది ఎవరో, ఆ జాతికి నల్ల చిక్కుడు గింజలు ఉడకబెట్టేది ఎవరో పెళ్లయిన దగ్గర్నుంచీ ఏ ఉపన్యాసంలోనూ రాలేదు. పోనీ, వంటదేముంది, చేస్తుంది. ఒళ్లు మండేది పాట గురించి.

అది నోర్బెర్తా అమ్మమ్మ పాట. కాఫీ తోటలో కాపలావాడి ముందే, వాడికి అర్థం కాకుండా, ఈ రాత్రికి పారిపోదాం అని బానిసలు చెప్పుకున్న పాట. అందులో పిల్లల్ని వెంటేసుకుని వాగు దాటిన కోడిపెట్ట అంటే అమ్మమ్మకు ముత్తవ్వే. జుల్మీరాకు జడలల్లుతూ పాట నేర్పి, నేను పోయాక నువ్వే ఎత్తుకోవాలే అంది అమ్మమ్మ. ఎత్తుకున్నది వాల్దెసీర్. ఈసారి నేను పాడతానని నిన్న అడిగితే నవ్వాడు.

"నువ్వు పాడితే పొయ్యి ఎవరు చూస్తారే? నీ చేతి రుచి ఇంకెవరికొస్తుంది? పాటదేముంది, నేను పాడేస్తాగా."

మెచ్చుకుంటూనే కట్టిపడెయ్యడం వీళ్లింటి విద్య. ఆమె కూడా ఇన్నేళ్లూ ఆ మెచ్చుకోలుకు పడిపోతూనే వచ్చింది, ఖర్మ.

డోళ్లు మొదలయ్యాయి. గరిటె తిప్పుతూ చెవి అటే పెట్టింది. వాల్దెసీర్ గొంతు ఖంగుమంది. పుంజు వాగు దాటిందట! వెనక పిల్లలట! పుంజు వెనక పిల్లలు నడవడం ఏ కాలంలో ఎవడు చూశాడు? జనం అందుకుని పాడుతున్నారు. ఇంకో రెండేళ్లు పోతే అమ్మమ్మ ముత్తవ్వకు మీసాలు మొలుస్తాయి.

గరిటెతోనే పెరట్లోకి నడిచింది. ఈ డోళ్ల ఆటపాటకు ఒక కట్టుబాటుంది. ఎవరైనా సరే పెద్ద డోలు మీద చెయ్యి వేసి "మషాదు" అంటే వాయిద్యం ఆగాలి, తర్వాతి పాట వాళ్లదే. ఆడదైతే ఆపకూడదని పెద్దలెవరూ అనలేదు. వంటింట్లోంచి రావడానికి ఎవరికీ తీరిక దొరకలేదు, అంతే.

జిడ్డు చెయ్యి తోలు మీద పెట్టింది.

"మషాదు."

డోళ్లు ఆగిపోయాయి. వాల్దెసీర్ మైకులోనే నవ్వాడు. "ఏంటే, ఉప్పు చాల్లేదా?"

గరిటె అతని చేతిలో పెట్టింది. "వెళ్లి నువ్వే చూడు. అడుగంటకుండా కలుపుతూ ఉండు."

జుల్మీరా డోలు మీంచి చెయ్యి తీసింది.

"వాగు దాటింది పెట్ట," అని, ఎత్తుకుంది.