పావుకిలో గుత్తి

ఆ ఉదయం మేకులాయన చేతిలో ఉన్న సరుకు ఇది: పదకొండేళ్ళలో మొదటిసారి దొరికిన ఒక పూర్తి సెలవు రోజు, రానూపోనూ రెండు రైలు టికెట్లు, భార్య కట్టిచ్చిన టిఫిన్ డబ్బా, ఒక గొడుగు, ముఖం ముడుచుకుని కిటికీ పక్కన కూర్చున్న ఒక స్నేహితుడు. మొదటి నాలుగింటి విలువ ఎంతో అతనికి తెలుసు. ఐదోదాని సంగతే సాయంత్రంలోగా తేలాలి.

మేకులాయనది ఇనపసామాను కొట్టు. మేకులు, గొళ్ళాలు, కీళ్ళు, తాళాలు అమ్ముతాడు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా లేరు. స్నేహితుడు కాటాలు బాగుచేసే మేస్త్రి. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇద్దరి కొట్లూ పక్కపక్కనే. ఇటువైపు ఒకడు దగ్గితే గోడకు అటువైపు నుంచి రెండోవాడు "మందేసుకోరా" అంటాడు.

ఆ గోడ అవతల గదే ఇప్పుడు ఖాళీ అయ్యేలా ఉంది. కాటా పాడైతే పారేసి కొత్తది కొనుక్కునే రోజులు వచ్చాయి. మేస్త్రి దగ్గరికి వారానికి రెండు కాటాలు వస్తే గొప్ప. కూతురు "ఇక చాలు నాన్నా, ఇంట్లో కూర్చో" అంటోంది. ఉంటాడో, పోతాడో రేపు పొద్దున్నే చెప్పమన్నాడు గది యజమాని. పోతాననే చెప్పాలని మేస్త్రి నిశ్చయించుకున్నాడు. వారం రోజులు వాదించి మేకులాయన గొంతు పోయింది కానీ అతని మనసు కదల్లేదు. నిన్న సాయంత్రం ఒక గట్టి తాళం తెచ్చి, "కొత్త తాళం బిగిస్తే తీయాలని అనిపిస్తుందిలే" అని మేస్త్రి కొట్టుకు తానే వేసి వచ్చాడు. మేస్త్రి నవ్వనైనా నవ్వలేదు. ఇక మిగిలింది ఈ ఒక్క రోజు. పక్కనున్న నగరంలో హాయిగా తిరిగి వస్తే మనసుకు కాస్త గాలి తగులుతుందని మేకులాయన ఆశ.

"ఒక పందెం," అన్నాడు రైలు కదలగానే. "ఇవాళ వ్యాపారం మాట ఎత్తినవాడు కాఫీ ఇప్పించాలి."

"నువ్వే ఓడిపోతావు. నిద్రలో కూడా మేకుల ధరలు చెబుతావట. చెల్లెమ్మ చెప్పింది."

"మీ చెల్లెమ్మకి నా పరువు తీయడమే పని."

నగరంలో దిగాక ఎటు వెళ్ళాలన్న తొందర లేదు. వెడల్పాటి వీధిలో నీడ ఉన్న వైపు నడిచారు. కళ్ళద్దాల కొట్టు ముందు నిలబడి ఫ్రేములు చూశారు. మెట్లు వాటంతటవే పైకి వెళ్ళే భవనంలో పనేమీ లేకుండా మూడుసార్లు పైకెక్కి మూడుసార్లు దిగారు. నాలుగోసారి కాపలా మనిషి ఎగాదిగా చూశాడు. కాఫీ కొట్టు తలుపు తోస్తూ మేకులాయన ఆగిపోయాడు.

"చూశావా, ఈ కీలు ఇక్కడ పెట్టకూడదు. ఇంకో రెండంగుళాలు..."

"కాఫీ!" అన్నాడు మేస్త్రి. ఆ రోజు మొదటిసారి పళ్ళు కనిపించాయి. మేకులాయన ఆనందంగా ఓడిపోయాడు. పెట్టుబడి కదులుతోంది అనుకున్నాడు.

మధ్యాహ్నం పడవ ఎక్కాలని అనుకున్నారు. చెరువుగట్టుకు వెళ్ళే దారిలో పళ్ళ బళ్ళ వీధి వచ్చింది. రెండు వైపులా ఇరవై బళ్ళకు తక్కువ లేవు. ప్రతి బండి మీదా ఒక కాటా. మేస్త్రి నడక మందగించింది.

అతని జేబులో ఒక తాళంచెవుల గుత్తి ఉంటుంది. ఇంటిది, కొట్టుది, పెట్టెలవి, ఒక లావుపాటి ఇత్తడి రింగు. అన్నీ కలిపి సరిగ్గా పావుకిలో. ఆ రింగును ఆకురాయితో తానే అరగదీసి ఆ బరువుకు తెచ్చుకున్నాడు. దారిలో కనిపించిన పిల్లల బుగ్గలు కొందరు గిల్లినట్టు, కనిపించిన కాటా మీదల్లా ఆ గుత్తి పెట్టి చూడటం మేస్త్రికి అలవాటు.

మూలమీది బండి దగ్గర ఒకావిడ ద్రాక్ష తూస్తోంది. చుట్టూ అయిదారుగురు ఉన్నారు. ఆవిడ సంచి అందుకునేలోగా మేస్త్రి గుత్తిని కాటా మీద పెట్టాడు. రెండు వందల అరవై రెండు అని అంకెలు వెలిగాయి.

"ఏంటి పెద్దాయనా, ద్రాక్ష కొంటావా, తాళాలు అమ్ముతావా?"

"అమ్మా, నీ కాటా పన్నెండు గ్రాములు ఎక్కువ చూపిస్తోంది."

"పన్నెండు గ్రాములతో మేడ కట్టేస్తాను కాబోలు!"

"కావాలని చేశావని అనలేదమ్మా. కాటాలో తేడా ఉంది."

నీలం చొక్కా వేసుకున్న ఒకాయన తన సంచి తిరిగి బండి మీద పెట్టేశాడు. "అంటే కిలోకి దాదాపు యాభై గ్రాములు నొక్కేస్తున్నావన్నమాట. రోజూ ఇక్కడే కొంటున్నాను, నా బుద్ధి తక్కువై."

"ఎవరో దారినపోయే మనిషి చెబితే నమ్మేస్తారా? మా అమ్మ కాలం నుంచీ బండి పెట్టిన మూల ఇది!"

అప్పుడు మేకులాయన నోరు ఊరుకోలేదు. స్నేహితుడి మాట కాదంటే అతనికి ఒళ్ళు మండుతుంది. "దారినపోయే మనిషి కాదమ్మా. ముప్ఫై నాలుగేళ్ళ అనుభవం. ఈయన చెప్పాక ఇంకో మాట లేదు," అన్నాడు, వీధంతా వినబడేలా.

జనం ఒక్కొక్కరే పక్క బండికి జరిగారు. ఆవిడ చేతిలో ద్రాక్షగుత్తి అలాగే ఉండిపోయింది. మేస్త్రి మాత్రం ఛాతీ కొంచెం ముందుకు పెట్టి నడిచాడు.

"చూశావా? ఇంకా పనికొస్తాను," అన్నాడు.

"నేను మొత్తుకునేది అదేగా!" అన్నాడు మేకులాయన. "వ్యాపారం మాట ఎత్తావు. ఈసారి కాఫీ నీది."

"మాట ఎత్తలేదురా, గుత్తి ఎత్తాను."

చెరువుగట్టు మీది పార్కులో బెంచీ మీద డబ్బా విప్పారు. చేతులు కడుక్కోవడానికి మేస్త్రి కుళాయి దగ్గరికి వెళ్తూ జేబులో గుచ్చుకుంటోందని గుత్తిని బెంచీ మీద పెట్టాడు. మేకులాయన దాన్ని ఊరికే చేతిలోకి తీసుకున్నాడు. రంగు మారిన పాత చెవుల మధ్య ఒకటి తళతళలాడుతోంది.

నిన్నటి తాళం చెవి. నిన్న సాయంత్రం తన చేత్తోనే గుత్తికి తగిలించి మేస్త్రి జేబులో వేశాడు. పాత చెవి తీయనూ లేదు. ఆ రకం తాళాలు డజన్ల లెక్కన అమ్మేవాడు, ఆ చెవి ఎంత బరువుంటుందో కాటా అక్కర్లేకుండా చెప్పగలడు. అటూ ఇటూగా పన్నెండు గ్రాములు.

డబ్బాలో ఏముందో అతనికి తెలియలేదు. నమిలాడు, మింగాడు. లోపల బేరం మొదలైంది. చెబితే? మేస్త్రి ఛాతీ మళ్ళీ లోపలికి పోతుంది. నా పని అయిపోయిందిరా అంటాడు. రేపు పొద్దున గది ఖాళీ. చెప్పకపోతే? ఆ కాస్త ధీమాతో గది ఉంచుకుంటాడేమో. ఆవిడ ఎవరో ఏమిటో, ఈ నగరానికి మళ్ళీ ఎప్పుడు వస్తారో. ఎటు చూసినా లాభం ఒక వైపే కనిపిస్తోంది. ఇంత సులువైన బేరం తన జీవితంలో ఎన్నడూ తగల్లేదు. అందుకే అతనికి అనుమానం వచ్చింది. దొంగ సరుకు మాత్రమే అంత చవగ్గా దొరుకుతుంది.

పడవ టికెట్ల వరుసలో నిలబడ్డారు. ముందు ఇంకా నలుగురు ఉండగా మేకులాయన అన్నాడు: "ఒరేయ్, గుత్తి తియ్యి."

"ఎందుకు?"

"చెవులు లెక్కపెట్టు."

మేస్త్రి లెక్కపెట్టాడు. కొత్త చెవి దగ్గర వేలు ఆగింది. అతని ముఖం చూడటం ఇష్టంలేక మేకులాయన చెరువు వైపు తిరిగాడు.

"తగిలించింది నేనేరా. తప్పు నాది," అన్నాడు.

"గుత్తి ఎవరిది?"

"నీదే అనుకో..."

"నా గుత్తి బరువు నేను చూసుకోవాలి. ఏ కాటా ముట్టుకునే ముందయినా రాయి సరిచూసుకోమని లోకానికంతా చెబుతాను. పద."

"ఎక్కడికి?"

మేస్త్రి అప్పటికే వరుస లోంచి బయటికి వచ్చి నడక అందుకున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి అంత వేగంగా నడవటం మేకులాయన చూడలేదు. గొడుగు చంకలో, డబ్బా చేతిలో పెట్టుకుని ఆపసోపాలు పడుతూ వెనకాల పరుగెత్తాడు. ఆవిడ చెవిలో మెల్లిగా ఓ మాట చెప్పి వచ్చేస్తాడనుకున్నాడు.

బండి దగ్గర ఒక్క మనిషి లేడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని ద్రాక్ష మీద ఈగలు తోలుతోంది. మేస్త్రి వీధి మధ్యలో నిలబడ్డాడు. చేతులు నోటి చుట్టూ పెట్టుకుని కేక వేశాడు.

"అయ్యా! అమ్మా! ఇందాక ఈవిడ కాటా తప్పన్నది నేనే! తప్పు కాటాది కాదు, నాది! వచ్చి చూడండి!"

ఇరవై బళ్ళ వాళ్ళూ తలలు తిప్పారు. ఆవిడ లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మళ్ళీ వచ్చావా పెద్దాయనా? మిగిలిన ఈగల్ని కూడా తోలేద్దామనా?"

మేస్త్రి కొత్త చెవి తీసి పక్కన పెట్టాడు. గుత్తిని కాటా మీద ఉంచాడు. రెండు వందల యాభై. పక్క బండి నుంచి పావుకిలో రాయి అడిగి తెచ్చి పెట్టాడు. అదే అంకె. కొత్త చెవి ఒక్కటే పెట్టాడు. పన్నెండు.

"ఈ చెవి చేరిందని చూసుకోకుండా నీ మీద మాట వేశాను. నీ తూకం ధర్మంగా ఉందమ్మా. నన్ను క్షమించు."

మేకులాయన ముందుకు వచ్చాడు. "ఆ చెవి తగిలించింది నేను. ఇందాక గొంతు చించుకున్నదీ నేనే. ఆయనకంటే నేను ఎక్కువ అరిచాను, కాబట్టి నన్ను ఎక్కువ తిట్టు."

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "తిట్టకుండా ఆపడానికి బేరమేమైనా ఉందా ఇక్కడ? ఊరికే ఉన్నాను, ఎంతసేపైనా తిడతాను," అంది. కానీ గొంతులో ఇందాకటి కారం లేదు. అంతలో నీలం చొక్కా ఆయన తల గోక్కుంటూ వచ్చాడు. "అర కిలో ఇయ్యమ్మా," అన్నాడు.

"యాభై గ్రాములు నొక్కి ఇయ్యనా?"

"నొక్కినా సరే, అర కాదు, కిలో ఇయ్యి తల్లీ."

వీధి నవ్వింది. మేస్త్రి మాత్రం నవ్వకుండా వంగి కాటా అడుగున చూస్తున్నాడు. నాలుగు కాళ్ళలో ఒకదాని రబ్బరు ఊడిపోతే ఆవిడ అట్టముక్క మడిచి పెట్టింది.

"ఇవాళ సరిగ్గానే ఉంది. వాన పడి ఈ అట్ట నానితే మాత్రం తేడా వస్తుంది. ఏరా, రబ్బరు వాషరు ఉందా?"

మేకులాయన జేబులో వాషర్లు లేని రోజు లేదు. మేస్త్రి కొత్త కాలు బిగించి, నీటిబుడగ ఉన్న గాజుగొట్టం పెట్టి మట్టం చూశాడు. ఆ గొట్టం కూడా అతని జేబులోదే. సెలవు రోజున ఇద్దరి జేబులూ కొట్లను మోసుకొచ్చాయి.

"అయ్యా, మాది కూడా ఒకసారి చూస్తారా?" అన్నాడు ఎదురుబండి అరటిపళ్ళతను. అతని పక్కావిడ, ఆ పక్కన ముసలాయన. ఎవరో పళ్ళపెట్టె బోర్లించి మేస్త్రికి పీట వేశారు. ఎవరో టీ తెప్పించారు. ఎండ ఆ వైపు నుంచి ఈ వైపుకు మళ్ళేదాకా పద్దెనిమిది కాటాలు అతని ముందుకు వచ్చాయి. మేకులాయన పక్కన గొంతుక్కూర్చుని స్క్రూలు అందించాడు.

"ఈయన మీకేమవుతారు?" అని అడిగాడు అరటిపళ్ళతను.

ముప్ఫై నాలుగేళ్ళలో ఆ ప్రశ్నకు మేకులాయన ఎన్నో జవాబులు చెప్పాడు. పక్క కొట్టాయన అన్నాడు, తెలిసినాయన అన్నాడు. ఇవాళ నిటారుగా లేచి నిలబడి, "నా స్నేహితుడు," అన్నాడు. తన కొట్లో మంచి ఉక్కు సరుకు చూపించేటప్పుడు కూడా అతని గొంతు అంత నిండుగా పలకలేదు. ముప్ఫై నాలుగేళ్ళు తప్పు చెయ్యకపోవడం గొప్పే. చేసిన తప్పును నలుగురి మధ్య నిలబడి అరిచి చెప్పడం ఆ గొప్పకు ఎన్ని రెట్లో అతనికి లెక్క కట్టడం రాలేదు.

"మళ్ళీ ఎప్పుడొస్తారు పెద్దాయనా?" అంది ద్రాక్షావిడ. "ఇక్కడ ఎవరి కాటా పాడైనా పారేయడమే. చూసే మనిషే లేడు."

మేస్త్రి పక్కన పెట్టిన కొత్త చెవిని అందుకున్నాడు. మేకులాయన ఊపిరి బిగబట్టాడు. ఆ చెవి తన చేతికి వస్తే రేపు గది ఖాళీ అయినట్టే.

మేస్త్రి గుత్తి విప్పి పాత తాళం చెవిని తీసి జేబులో వేసుకున్నాడు. కొత్త చెవిని దాని చోట తగిలించి కాటా మీద పెట్టాడు. రెండు వందల నలభై ఎనిమిది.

"రెండు తగ్గింది. ఇనప వాషర్లు, సన్నవి," అన్నాడు చెయ్యి చాపి.

మేకులాయన రెండు ఇచ్చాడు. రెండు వందల యాభై.

"నెలకోసారి వస్తానమ్మా," అన్నాడు మేస్త్రి. "కొట్టు తీసే ఉంచుతాగా, రాకేం చేస్తాను?"

తిరుగు రైల్లో మేస్త్రి కిటికీకి తల ఆన్చి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. మేకులాయన మాత్రం మెలకువగా కూర్చుని రోజు లెక్క చూసుకున్నాడు. పోయినవి: ఒక పడవ షికారు, ఒక రబ్బరు వాషరు, సన్నవి రెండు. వచ్చినవి: ఆవిడ వద్దన్నా సంచిలో వేసిన ద్రాక్ష, ఆమె పెట్టిన నాలుగు తిట్లు, రేపు పొద్దున గోడ అవతల నుంచి వినబడబోయే దగ్గు.

ద్రాక్ష ఒకటి నోట్లో వేసుకున్నాడు. తియ్యగా ఉంది.