పురుగు లేని చేప

మైక్రోస్కోపు కింద రెండు చెరువుల చేపల మొప్పల్లోని పురుగులూ ఒక్కలాగే కనిపించాయి. అవే కొక్కేలు, అదే వంపు. కృష్ణప్రియ వాటిని ఒకే జాతి అనుకుంది. జన్యు పరీక్ష ఆమె మాటను కొట్టిపారేసింది: అవి రెండు జాతులు. మళ్ళీ కొలిచి చూస్తే కొక్కెం మొనలో వెంట్రుకవాసి తేడా అప్పుడు బయటపడింది. పై చెరువులో రెండు జాతులూ ఉన్నాయి. ఫ్యాక్టరీల పక్క చెరువులో మురికి తట్టుకోలేని సున్నితమైనది ఎప్పుడో పోయి, మొండిది ఒక్కటే మిగిలింది.

ఈసారి ఫ్యాక్టరీల పక్క చెరువు చేపల్లో ఆ మొండిది కూడా లేదు. కళ్ళు పీక్కుపోయేలా తట్టెడు చేపల మొప్పలు వెతికినా ఒక్క పురుగూ దొరకలేదు.

పటాన్‌చెరులో ఆ చెరువు చేపలే అమ్మే పుష్పకు సంగతి చెప్పగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"మంచి మాట చెప్పినవ్ మేడం! ఇన్నేండ్లు గీ పురుగులతోని పరేషాన్ అయినం."

"అది కాదు పుష్పా, పురుగు కూడా బతకలేని నీళ్ళవి. ఆ చేపలు అమ్మకు."

పుష్ప అప్పటికే బేరమాడుతున్న చంటిపిల్ల తల్లి వైపు తిరిగింది.

"ఫికర్ లేకుంట తీస్కపో అమ్మా. గీ మేడమే పరీక్ష చేసింది, ఒక్క పురుగు లేదు."