పదకొండో ప్రశ్న

పెళ్లయి నలభై రెండు రోజులు. ఇంకా లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ప్రత్తిపాడులోని ఈ ఇంట్లో నాకు అన్నీ నచ్చాయి. మా ఆయన సాల్మన్ స్కూలుకు వెళ్తూ సందు మలుపులో ఒకసారి వెనక్కి చూడడం, డాబా మీద ఆరబోసిన మిరపకాయల ఘాటుకు ఇద్దరం ఒకేసారి తుమ్మడం, అన్నిటికంటే ఎక్కువగా మా అత్తయ్య ప్రేమమ్మ కొసరి కొసరి వడ్డించడం. "మీరు తినండమ్మా, నేను తర్వాత తింటాలే" అంటుంది. ఎంత ప్రేమో అని ఫోన్లో మా అమ్మకు చెప్పుకున్నాను కూడా.

నోటి క్యాన్సర్ వస్తే నిరుడు అత్తయ్యకు కింది దవడ సగం తీసేసి, కాలి ఎముకతో కొత్తది కట్టారు. ఇప్పుడు ఆసుపత్రి నుంచి ఒక ఫారం వచ్చింది. ఇరవై ప్రశ్నలు. ఏ ఇబ్బందీ లేకపోతే ఒకటి, చాలా ఉంటే నాలుగు వెయ్యాలి. వదులైన పెదవిని మళ్లీ సరిచేయాలో వద్దో డాక్టరు గారు ఈ జవాబులు చూసే తేలుస్తారట.

వరండాలో అత్తయ్య చింతపండు గింజలు తీస్తోంది. నేను చదువుతున్నాను.

"నమలడానికి?"

"ఒకటి."

"మాట్లాడడానికి?"

"ఒకటెయ్యి. నీకు అర్థమవుతుందిగా."

అన్నిటికీ అదే జవాబు. పదకొండోది వచ్చింది.

"నలుగురిలో కూర్చుని తినడానికి?"

"ఒకటి."

పెన్ను ఆగిపోయింది. ఇన్ని రోజుల్లో అత్తయ్య తినగా నేను ఒక్కసారీ చూడలేదు.

"మీరు నలుగురిలో ఎప్పుడు తిన్నారత్తయ్యా?"

"తినను. తినకపోతే ఇబ్బందేముంది?"

"మరి మిరపకోత కూలికి వెళ్లడం ఎందుకు మానేశారు? చేతులకేం కాలేదుగా."

ఆమె ఇంకో చింతపండు రెబ్బ అందుకుంది.

"మధ్యాహ్నం అందరూ గుండ్రంగా కూర్చుని క్యారేజీలు విప్పుతారు. ఒకళ్ల కూర ఒకళ్లకేస్తారు. నాకేమో పెదవి పక్కనుంచి కారిపోద్ది. పక్కన కూర్చున్న కోటేశ్వరమ్మ చూసి మొహం తిప్పుకుంది. నువ్వేమో కొత్త కోడలివి. నీక్కూడా రోత పుడితే ఎట్టా?"

అమ్మకు ప్రేమని చెప్పినదాంట్లో భయం ఎంత ఉందో నాకు అప్పుడు తెలిసింది. లోపలికి వెళ్లి రెండు కంచాల్లో ముద్దపప్పు, నెయ్యి వేసి అన్నం కలిపి తెచ్చాను. ఒకటి ఆమె ముందుపెట్టి, నా వీపు ఆమె వీపుకు ఆనించి కూర్చున్నాను.

"నేను చూడను. తినండి."

"ఏం పిచ్చే నీది," అంది. కానీ కంచం కదిలింది.

నాది అయిపోయినా లేవలేదు. చెయ్యి ఎండిపోయింది. ఆమె మధ్యలో రెండుసార్లు కొంగుతో తుడుచుకోవడం నా వీపుకు తెలిసింది. అలా ఆనుకుని కూర్చోవడం ఎంత బాగుందో.

"పదకొండో దానికి ఎంత వెయ్యమంటారు?"

"రెండు."

"అత్తయ్యా."

"మూడు." కంచం పక్కకు జరిపి, "నాలుగే వెయ్యి," అంది. "ఆ నమలడం దగ్గర్నించి మళ్లీ చదువు."