జిడ్డు వదలని చెక్కలు

కల్లూరులో కట్టుకున్న కొత్త ఇంటి మిద్దె మీద తనూజ టేకు చెక్కలతో డెక్ వేయించింది. రెండు ఎండాకాలాలకే చెక్కలు బూడిద రంగుకు తిరిగి, అంచుల్లో పగుళ్లిచ్చాయి. ఇంకోసారి పాడైతే పీకేసి బండలు పరిపిస్తానని ఇంట్లో అందరూ వినేలా చెప్పి, వడ్రంగి దాసన్నను పిలిపించింది. అతను చెక్కలన్నీ నున్నగా రుద్ది, అవిసె నూనె పట్టించి, ఆరేదాకా తొక్కొద్దని చెప్పిపోయాడు.

వారం గడిచినా మూలన ఉన్న చెక్కలు ఆరలేదు. వేలు పెడితే జిడ్డు. పైగా చీమలు. తనూజ వంగి వాసన చూసింది. అది వంటింటి వాసన. మంచి నూనె మిగుల్చుకుని చివర్లో ఏ పల్లీనూనో పూసి పోయుంటాడు అనుకుంది. మళ్లీ పిలిపించింది.

"ఏం నూనె పూసినావు దాసన్నా? నిజం చెప్పు."

అతను చెక్కను గీరి చూశాడు. "నేను పూసింది అవిసె నూనేమ్మా. దీని మీద ఎవరో ఇంకేందో రాసినారు."

"మా ఇంట్లో ఎవరు రాస్తారప్పా?"

దాసన్న సంచీ భుజాన వేసుకుని దిగిపోయాడు. తప్పు లేనివాడైతే అట్లా ఎందుకు పోతాడని తనూజ అనుమానం గట్టిపడింది.

మర్నాడు తలనొప్పిగా ఉండి, తను నడిపే షాపు నుంచి మధ్యాహ్నమే వచ్చేసింది. అత్త సుబ్బలక్ష్మమ్మ గదిలో లేదు. మిద్దెక్కి చూస్తే, డెక్ మూలన కూర్చుని, గుడ్డను గిన్నెలో ముంచి చెక్కను రుద్దుతోంది.

"ఏం చేస్తాండావత్తా?"

ఆమె చెయ్యి ఆగింది. "దాసన్న నూనె పట్టించి పోయిన మర్నాడు ఈ పూలకుండీలకు నీళ్లు పోస్తే కారి మరకలు పడినాయి. పాడైతే పీకేస్తానంటివి. బండలైతే కాళ్లు కాల్తాయి, నేనీడికి రాలేను. మరక కనపడకుండా పల్లీనూనె రాస్తాండా."

"నాతో ఒక్కమాట చెప్పొచ్చు కదత్తా?"

"చెబితే వింటావా నువ్వు?"

తనూజ నూనె గిన్నె తీసుకుని కిందికి దిగింది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు ఫోన్ చేసినా దాసన్న ఎత్తలేదు. చివరికి తనే అతని కొట్టుకు వెళ్లింది.

"తప్పు నాదే దాసన్నా. రాసింది మా అత్త."

అతను చెక్కకు చిత్రిక పట్టడం ఆపలేదు. "రేపొస్తాలేమ్మా," అన్నాడు.

వచ్చాడు. జిడ్డంతా గీకి, మళ్లీ అవిసె నూనె పట్టించాడు. కుండీలు యాడ పెట్టాలో సుబ్బలక్ష్మమ్మనే అడిగి, నీళ్లు చెక్కల మీదికి కారకుండా గోడవారకు జరిపాడు. ఆమెతో నవ్వుతూ మాట్లాడాడు. టీ తెచ్చిచ్చిన తనూజ వైపు మాత్రం తలెత్తి చూడలేదు.