శవానికైతే నీళ్లిస్తారు

హజ్రా బీ చచ్చాక గానీ మంచినీళ్లకు నోచుకోలేదు.

మాచర్ల పక్క నాపరాళ్ల క్వారీలో కూలోళ్లు తాగేవి రాయి తీసిన గుంటలో నీళ్లు. గట్టు మీద దొడ్డికెళ్లే చోటి మురికంతా వానకి కొట్టుకొచ్చి ఆ గుంటలోనే పడుతుంది. ఆడవాళ్లు చిల్లగింజ అరగదీసి కుండలో కలిపితే మడ్డి అడుక్కి దిగేది. తేటగా ఉన్నాయి గదా, మంచివేననుకున్నారు. వాంతులూ విరేచనాలూ మొదలయ్యాక డాక్టరొచ్చాడు. "కలరా. ఈ పురుగు కంటికి కనపడదు, చిల్లగింజకి లొంగదు. బోరు నీళ్లే తాగండి" అని చెప్పి పోయాడు.

బోరు కంట్రాక్టరు నరసింహారావుది. చుట్టూ నాపరాళ్ల కంచె, గేటుకి తాళం. ఆ నీళ్లు పాలిష్ మిషన్లకే. శవానికి స్నానమంటే మాత్రం తాళం తీస్తాడు. కాదంటే పాపం చుట్టుకుంటుందని భయం.

హజ్రా బీకి ఆ నీళ్లతోనే స్నానం చేయించారు. ఆమె మొగుడు మౌలాలీ గోరీలో మట్టి వేసి ఇంటికొచ్చేసరికి కూతురు ఫాతిమా గడపలో వాంతి చేసుకుంటోంది. ఏడ్చే ఓపిక కూడా లేదతనికి. ఖాళీ బిందె అందుకున్నాడు.

"ఎక్కడికన్నా?" రాళ్లు మోసే మణెమ్మ అడిగింది.

"నీళ్లకి."

"ఒక్కడివే పోతే కుక్కని తోలినట్టు తోలతాడు. ఆగు." బజారంతా కేకేసింది.

"పని పోద్దే!" అన్నాడు తోటి కూలోడు చాంద్ బాషా.

"పాణం పోతా ఉంటే పనేందిరా? పట్టు ఆ డోలా!"

శవం మోసిన డోలా ఖాళీగా ఎత్తుకుని అందరూ గేటు దగ్గరికొచ్చారు. డోలా చూసి నరసింహారావు తాళంచెవి తీశాడు.

"మళ్లీ ఎవురు పోయార్రా?"

"ఎవురూ పోలా. పోకముందే నీళ్లు పొయ్యమని వచ్చాం" అన్నాడు మౌలాలీ.

"గుంటలో నీళ్లు అద్దంలా ఉన్నయ్ గదరా!"

"అయితే నువ్వో చెంబు తాగి చూపియ్యి, అయ్యా" అంది మణెమ్మ. జనం నవ్వారు. ఆయన తాళంచెవి జేబులో వేసుకుని పోలీసులకి కబురంపాడు.

మౌలాలీ డోలా ఎక్కి పడుకున్నాడు. "రేపు ఎట్టాగూ ఇస్తావు. ఆ నీళ్లు ఇయ్యాలే ఇయ్యి."

చాంద్ బాషా అతన్ని చూశాడు. పోయి గడ్డపార తెచ్చాడు. ఆ కంచె రాళ్లు వాళ్లు తీసినవే, వాళ్లు పాతినవే. ఏ రాయి వదులో అడగక్కర్లేదు. నాలుగు రాళ్లు కూలాయి. మణెమ్మ మోటారు వేసింది.

జీపొచ్చేసరికి బిందెలు నిండుతున్నాయి.

"ఎవడ్రా మీ నాయకుడు?" అన్నాడు ఎస్సై. మణెమ్మ నిండిన బిందె తీసి ఇంకోటి పెట్టింది. డోలా మీదున్న మౌలాలీని లాగి జీపెక్కించారు.

"పిల్లకి నేను తాపుతాలే అన్నా!" మణెమ్మ అరిచింది.

మౌలాలీ తలూపాడు. మోటారు మోగుతూనే ఉంది.

"రాళ్లు లేపండ్రా, కంచె పెట్టండి!" నరసింహారావు గొంతు చించుకున్నాడు.

రాయెత్తటానికి ఒక్క కూలోడూ కదల్లేదు.