సంచిలో మగవాడి చొక్కా

కూతురు హడావుడిగా బయటికి వెళ్తూ మంచం పక్కన వదిలేసిన సంచిలో తల్లికి ఒక మగవాడి చొక్కా కనిపించింది. మడత విప్పేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎడమ జేబు కింద మొదలై వీపు దాకా ఎర్రటి మరక.

ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి వాసన. దాంతో భయం రెట్టింపయింది. ఇదేం రోగిష్టి నెత్తురో అనుకుంది. కూతురు సొంతంగా సినిమాలు తీస్తుంది. తొమ్మిదేళ్లలో రెండు తీసింది, రెండూ హాలు ముఖం చూడలేదు. నిర్మాత అంటే కారులో తిరిగే మనిషనుకుంది గానీ, ఈ పిల్ల అందరికీ భోజనాల క్యారియర్లు మోస్తుంది, కుర్చీలు సర్దుతుంది, అందరూ వెళ్ళాక తాళం వేసుకుని ఒక్కతే వస్తుంది. ఇంట్లో మాత్రం నోరు విప్పదు. అందుకే తల్లి మనసు తిన్నగా పోలీసు స్టేషనుకే పోయింది. ఎవడో వెంటపడి ఉంటాడు, ఇది చేతికందిందేదో తీసుకుని పొడిచి ఉంటుంది.

అడగడానికి ధైర్యం చాలలేదు. తలుపు గడియ పెట్టి, ఉప్పూ నిమ్మకాయా సబ్బూ పెట్టి గంటసేపు రుద్దింది. వేళ్ళు నానిపోయాయి గానీ మరక వదిలింది. ఎదుటింటివాళ్ళ కంటపడకుండా గదిలోనే ఆరేసింది.

సాయంత్రం కూతురు వచ్చి, ఆ చొక్కా చూసి నేలమీద కూలబడింది. రేపు షూటింగుకు ఆఖరి రోజట. రేపటితో హీరో డేట్లు అయిపోతాయట, ఎల్లుండి వేరే సినిమాకు గుండు చేయించుకుంటాడట. కత్తిపోటు తిని వీధిలో నడిచే సీను సగమే తీశారు. మిగతా సగం ఇదే చొక్కాతో, ఇదే మరకతో తీయాలి. కొన్నది ఒక్కటే చొక్కా. మరకలో తేడా పడితే సినిమా అక్కడికి ఆగినట్టే.

"అడగొచ్చుగా అమ్మా," అంది మెల్లగా.

"అడిగితే నిజం చెప్పేస్తావేమోనని."

"నేనెవర్నో చంపాననుకున్నావా?"

"అనుకున్నా."

"అనుకుని, ఉతికిపెట్టావా?"

"మరేం చేయమంటావే? ఆరాక ఇస్త్రీ కూడా చేద్దామనుకున్నా."

కూతురు నవ్వింది. నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

"నువ్వేదీ చెప్పవు కదే," అంది తల్లి.

"చెప్తే నువ్వు నిద్రపోవుగా."

కూతురు ఫోను తీసి, షూటింగులో తీసిన ఫొటో వెతికింది.

అందులో చొక్కా ముందు భాగమే పడింది. వీపు మీది మరక ఎలా ఉండేదో ఎవరికీ గుర్తు లేదు, గంటసేపు రుద్దిన మనిషికి తప్ప. కూతురు పంచదార పాకంలో ఎర్రరంగు కలిపి గిన్నె పట్టుకుంటే, తల్లి దూదితో అద్దింది. ఇక్కడ చిక్కగా, ఇక్కడ బొట్లుబొట్లుగా, కాలరు దగ్గర వేలిముద్రంత. భుజాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. అయినా కూతురి ఫోను మోగుతూనే ఉంది. కెమెరామన్‌కీ, డైరెక్టరుకీ, వ్యాను డ్రైవరుకీ అంతా సిద్ధమని చెబుతూనే ఉంది. అంత నిబ్బరంగా అబద్ధమాడే గొంతును తల్లి అప్పుడే మొదటిసారి విన్నది. ఎన్నాళ్ళుగా అలవాటో.

పొద్దున్నే చొక్కాను చంటిపిల్లలా రెండు చేతుల మీదా పెట్టుకుని కూతురు వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి ఒక మెసేజ్ వచ్చింది: "మరక కుదిరింది. ఆఖరి షాట్ మొదలవుతోంది."

తల్లి దాన్ని నాలుగుసార్లు చదువుకుంది. సినిమాలో ఆ చొక్కా వేసుకున్నవాడు ఎవరో, ఎవరు పొడిచారో, ఎవరూ చెప్పలేదు. "అతను బతుకుతాడా?" అని ఒక్కో అక్షరం వెతుక్కుని టైపు చేసి పంపింది. పంపాక తట్టింది. షాట్ మధ్యలో కూతురి ఫోను మోగితేనో? తన ఫోనును దిండు కింద దూర్చి, దానిమీద చెయ్యి అదిమిపెట్టి, ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.